మా మాటకు అర్థం మమ్మల్ని అడిగి రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో నెల్లూరు, ప్రకాశం యాస మీద నెట్ నుంచి తెచ్చి వేసిన పదాల పట్టిక గురించి ఈ ఉత్తరం. తెలిసిన పెద్దలు ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాసినట్టు లేదు. నెట్‌లో లక్షలమంది చూశారని పైన గొప్పగా వేశారు గానీ, ఆ అర్థాలు రాసినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో ఒక్క ముక్క లేదు. మీ ఆఫీసు కింద టీకొట్టు అతన్ని అడిగినా సగం తప్పులు అక్కడికక్కడే దిద్దేవాడు.

పిలకాయలు అంటే 'బుద్ధి ఎదగని కుర్రాళ్లు, ఎగతాళిగా అనే మాట' అని అచ్చేశారు. మా ఇళ్లలో కన్నబిడ్డల్ని పిలిచే మాట అది. 'పిలకాయలు అన్నం తిన్నారా' అని అడగని తల్లి నెల్లూరు జిల్లాలో ఉంటుందా? ఆత్మకూరు బస్టాండులో కాసేపు నిలబడండి. చంకలో ఒకణ్ణి ఎత్తుకుని, ఇంకొకదాన్ని రెక్క పట్టుకుని బస్సెక్కిన ఆడమనిషి 'అన్నా, పిలకాయలకు టికెట్ కొట్టబాక' అని కండక్టరును బతిమాలుతుంటుంది. ఫోన్లలో కుర్రాళ్లు ఒకరినొకరు తక్కువ చేసుకోవడానికి ఆ మాట వాడుకుంటుంటే వాడుకోనివ్వండి. దాన్ని తెచ్చి జిల్లా మొత్తానికి అంటగట్టడం ఏం న్యాయం?

'గమ్మున' అంటే 'త్వరగా' అని వేశారు. కొన్ని జిల్లాల్లో ఆ అర్థం ఉంది, కాదనను. మా దగ్గర 'గమ్మునుండు' అంటే నోరెత్తకుండా ఉండమని. పట్టికకు పెట్టిన పేరేమో నెల్లూరు యాస, అర్థమేమో ఇంకో జిల్లాది.

ఇవి సరదా మాటలే కదా, పోనీలే అనుకుందామంటే అందులోనే ఇంటిస్థలం కొలిచే అంకణం కూడా ఉంది. నెల్లూరులో అంకణం 36 చదరపు అడుగులని వేశారు. అయ్యా, నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. 36 అడుగులది తిరుపతి వైపు లెక్క. 20 అంకణాల ఇంటిస్థలం మా లెక్కన 1440 చదరపు అడుగులు, మీ లెక్కన 720. బయటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ స్థలం కొనేవాళ్లు ఈరోజుల్లో ఫోనులో చూసుకునే బయానా ఇస్తున్నారు. పేపర్లో కూడా అదే కనపడితే ఇక అనుమానం ఎందుకొస్తుంది?

పుట్టి గురించి చూసినప్పుడు మరీ బాధ కలిగింది. 'నదిలో తిరిగే గుండ్రటి పడవ' అని ఒక్క అర్థంతో సరిపెట్టారు. ఆ పుట్టి వేరే ఉంది, నిజమే. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం కళ్లాల్లో రైతు నోట పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. 2024-25లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,320 రూపాయలంటే, పుట్టి 19,720 రూపాయలని ఇక్కడి రైతు నోటిలెక్కతో చెప్పేస్తాడు. కోతలప్పుడు మీ పత్రికే పుట్టి ధర పడిపోయిందని పెద్దక్షరాలతో వేస్తుంది. ఒకే పత్రికలో ఒక పేజీలో ధాన్యం, ఇంకో పేజీలో పడవ. వేసేముందు ఒకరు చదవరా?

అధికారుల సంగతీ ఇట్లాగే ఉంది. ధాన్యం కొనేచోట సర్కారు వారిది క్వింటాళ్ల లెక్క, కళ్లంలో పుట్ల లెక్క. పుట్టి అంటే ఏమిటో తెలియని అధికారి ముందు రైతు నిలబడి చెప్పుకుంటుంటే, పక్కనున్న గుమాస్తా దానికి అర్థం చెప్పాలి. ఈ సందులోనే తరుగు పేరుతో నాలుగు కిలోలు ఎక్కువ తూగుతాయి. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం తెచ్చారు. ఈనాటికీ రైతుకు వచ్చే నోటీసు ఇంగ్లీషులోనే ఉంటుంది, తెలుగులో వచ్చిందా, అది చదివితే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. పల్లెకు బదిలీ మీద వచ్చేవాళ్లకు ఆ తాలూకా మాటలు పది నేర్పించి పంపాలన్న ఆలోచన ఒక్కరికీ రాదు.

మీ పట్టికలో ఇవి నెల్లూరు మాటలు, ఇవి ప్రకాశం మాటలు అని నడిమధ్య గీత గీశారు. ఆ గీత ఎక్కడిది? 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో ప్రకాశం పేరు పెట్టారు. గిద్దలూరు మనిషి మాట్లాడితే కర్నూలు వినపడుతుంది, అద్దంకి మనిషి మాట్లాడితే గుంటూరు వినపడుతుంది. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు, అద్దంకిని బాపట్లలో వేశారు. జీవో వచ్చిన మర్నాటి నుంచి జనం మాట మార్చుకున్నారా?

సినిమావాళ్లు మా యాసను హాస్యగాడికో రౌడీకో ఇచ్చి చాలాకాలమైంది. అవి చూసి పెరిగినవాళ్లే ఇప్పుడు నెట్‌లో మాకు అర్థాలు చెబుతున్నారు. హైదరాబాదు, బెంగళూరులో చదివే మా పిల్లలు స్నేహితుల ముందు 'ఉన్నాను' అనేచోట మన 'ఉండాను' అనడానికి జంకుతున్నారు. ఇంటికి ఫోను చేసి అమ్మతో కూడా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆ జంకును అచ్చువేసి ఇంటింటికీ పంచిన పాపం మీది.

నెట్ అంటే నాకు కోపం లేదు. 1999లో అమెరికాలో ఒక విద్యార్థి మొదలుపెట్టిన అర్బన్ డిక్షనరీలో ఎవరైనా అర్థం రాయవచ్చు, చదివేవాళ్లు ఓట్లు వేస్తారు. తమ మాటలకు తామే అర్థం రాసుకున్నంతవరకు అది బాగానే నడుస్తుంది. మా మాటకు అర్థం రాసేది ఇంకెవరో, ఓటేసేది ఇంకెవరో అయితే ఎక్కువమందిని నవ్వించిందే అర్థమై కూర్చుంటుంది.

పద్ధతి తెలియక కాదు గదా! భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టిన మనిషి. ఆయన సారథ్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఊళ్లకు వెళ్లి, దున్నేవాణ్ణే అడిగి, ఏ మాట ఎక్కడ అంటారో రాసిపెట్టారు. నాగలిని మా దక్షిణాదిన మడక అంటారని అట్లా అడిగితేనే తెలుస్తుంది. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు లేని రోజుల్లో జరిగిన పని అది. మండలానికొక విలేకరి ఉన్న మీకు ఇప్పుడు చేతకాదంటే నమ్మను.

ఆ విలేకరుల్నే పంపండి. వెంకటగిరి మగ్గాల దగ్గరికి, జువ్వలదిన్నె రేవుకు, ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవాళ్ల దగ్గరికి, మార్కాపురం పలకల పనివాళ్ల దగ్గరికి, కొండపి పొగాకు బ్యారన్ల దగ్గరికి పంపండి. వారానికి పది మాటలు, చెప్పినవాళ్ల ఊరి పేరుతో సహా వేయండి. ఆదివారం పేజీ ఏడాదిపొడుగునా నిండుతుంది. అది మొదలయ్యేలోగా అంకణం లెక్క మాత్రం రేపటి పేపర్లోనే దిద్దండి. రిజిస్ట్రేషన్లు రోజూ జరుగుతున్నాయి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు పండితుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా