పిల్లలతో మా షాపుకు వచ్చేవాళ్లకు కొన్ని మాటలు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

దసరా సెలవుల్లో హన్మకొండలోని మా చేతిపనుల సామాను షాపులో జరిగిన సంగతి మన వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆదివారం సాయంత్రం, మంచి రద్దీ మీద, తొమ్మిది పదేళ్ల పిల్లలు ఇద్దరు దర్రీల (నేల మీద పరిచే జంపఖానాల) వరుసల మధ్య ఒకరి వెనక ఒకరు ఉరుకుతూ ఒక పెద్దమ్మను గుద్దేశారు. ఆమె పడబోతూ పక్కనున్న స్టాండును పట్టుకుంది. ఆమెతో పాటు స్టాండు మీదున్న ఇత్తడి కుందులు కూడా కింద పడ్డాయి. ఆ పిల్లల అమ్మానాన్నలు "మీ షాపే ఇరుకు, మేమేం చేస్తం" అని బిల్లు కట్టి వెళ్లిపోయారు. పెద్దమ్మను మా ఆయన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మణికట్టు బాగా వాచింది. ఎముక విరగలేదు, అంతవరకు దేవుడి దయ.

ఆ రాత్రి నుంచి గ్రూపులో ఒకటే లొల్లి. పిల్లలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టమన్నారు కొందరు. పిల్లలన్నాక అల్లరి చేయరా, మీకు పిల్లల మీద ప్రేమ లేదా అన్నారు ఇంకొందరు. పండగ గిరాకీలో తీరిక దొరక్క అప్పుడు జవాబు రాయలేదు. ముందు నిర్ణయం చెప్పేస్తాను: అలాంటి బోర్డు మేము పెట్టం.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పెళ్లికి రిటర్న్ గిఫ్టులు చూసుకోవడానికి పరకాల నుంచో నర్సంపేట నుంచో బస్సెక్కి వచ్చే తల్లి, నాలుగేళ్ల పిల్లను ఎవరి చేతిలో పెట్టి వస్తుంది? భర్త డ్యూటీలో ఉంటాడు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు రావద్దంటే తల్లులు రావద్దన్నట్టే. ఇంకో మాట. మేము అమ్మేవి నిర్మల్ బొమ్మలు, చేర్యాల మాస్కులు, పెంబర్తి ఇత్తడి సామాను, కరీంనగర్ వెండి తీగపని, మన వరంగల్ కొత్తవాడ దర్రీలు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషమే. కానీ మగ్గం ముందు కూర్చునేవాళ్లలో వయసులో ఉన్నవాళ్లు తక్కువ. చిన్నప్పుడు ఈ వస్తువులను చేత్తో తాకి చూడని పిల్ల, పెద్దయ్యాక వాటికి డబ్బు పెడుతుందని నాకైతే నమ్మకం లేదు. అందుకే పిల్లలు రావాలి.

అయితే బట్టల షోరూమ్‌లో తిరిగినట్టు ఇక్కడ తిరిగితే కుదరదు. చేర్యాల మాస్కు చూడటానికి గట్టిగా కనిపిస్తుంది. లోపల ఉండేది కొబ్బరి చిప్ప. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి దాని మీద ముక్కు, చెవులు తీరుస్తారు. ఆరాక తెల్ల సుద్ద పూసి, దాని మీద రంగులు వేస్తారు. నేల మీద పడిందంటే మొదట పోయేది ముక్కు కొసే. మేము జిగురు పెట్టి అతికించినా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని ఇంకెవరూ కొనరు. నిర్మల్ బొమ్మ పొనికి చెక్కతో చేసింది. చాలా తేలిక, మెత్తన. జింక కాలు, ఏనుగు తొండం పసిచేతుల్లో పుటుక్కున విరుగుతాయి. పైగా దాని మీద వేసేది మెరుపు పెయింటు, పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి పనికిరాదు.

అవి విరిగితే పోయేది డబ్బు. నాకు అసలు టెన్షన్ బరువు సామాను గురించి. అడుగున్నర ఎత్తు ఇత్తడి కుంది పసిపిల్ల పాదం మీద పడితే వేళ్లు నుజ్జవుతాయి. నిలబెట్టిన దర్రీ చుట్టల వెనక దాక్కోవడమంటే పిల్లలకు మహా సరదా. ఒక చుట్ట ఒరిగిందంటే పక్కవి కూడా దానితో పాటే ఒరుగుతాయి. వెండి తీగపని పెట్టిన అద్దాల బల్ల మీద మోచేతులు ఆనించి ఎక్కబోయే పిల్లలను చూస్తే నా గుండె ఆగిపోతుంది.

ఏళ్ల తరబడి గల్లా దగ్గర కూర్చుని చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. మా షాపులో పిల్లలు ఆగమాగం చేసేది ఎక్కువగా రెండు వేళల్లో. ఒకటి మధ్యాహ్నం. పొద్దున వేయిస్తంభాల గుడి, అక్కణ్నుంచి భద్రకాళి, ఆ తర్వాత కోట, చివరికి మా షాపు. ఎండకు కాలిన బండల మీద ఉత్త కాళ్లతో నడిచి, రెండు గంటలైనా అన్నం ముట్టని పిల్లలు లోపలికి వస్తారు. రెండోది రాత్రి ఏడు దాటాక. యునెస్కో గుర్తింపు వచ్చిన 2021 నుంచి రామప్ప చూసి వచ్చే కుటుంబాలు మాకు బాగా పెరిగాయి. రానుపోను 100 కిలోమీటర్లకు పైనే కారులో కూర్చుని, మధ్యలో లక్నవరం కూడా తిరిగి వచ్చిన పిల్లవాడు షాపులో దిగగానే ఉరుకుతాడు. ఉరకక ఏం చేస్తాడు? అన్ని గంటలు ముడుచుకుని ఉన్న కాళ్లు అవి. మూడేళ్ల పిల్లకు "ముట్టుకోవద్దు" అంటే అర్థమవుతుంది, చెయ్యి ఆపుకోవడమే ఇంకా రాదు. అది మొండితనం కాదు, వయసు. ఆకలి, నిద్ర తోడైతే ఉన్న కాస్త ఓపిక కూడా పోతుంది. పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, ముందు వాళ్ల కడుపులో ఏదైనా పడనివ్వండి. షాపు ముందు బల్ల వేశాం, మంచినీళ్ల క్యాను పెట్టాం. అక్కడ కూర్చోబెట్టి తినిపించండి, ఎవరూ లేవమనరు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. "అగో, ఆంటీ కొడ్తది సూడు." ఈ మాట నేను రోజూ వింటాను. నేను ఏ పిల్లనూ కొట్టలేదు, కొట్టను. కిందటి నెల ఒక పాప వచ్చింది, అయిదేళ్లుంటాయేమో. తల్లి ఆ మాట అన్న దగ్గర్నుంచి నన్ను చూస్తే చాలు కొంగు వెనక దూరుతోంది. అలా దూరేటప్పుడు మోచెయ్యి తగిలి అరలోంచి ఒక లక్కబొమ్మ కింద పడింది. తల్లి అక్కడికక్కడే వీపు మీద ఒకటి చరిచింది. బొమ్మకు గీత కూడా పడలేదు. పాప మాత్రం ఏడుపు బయటికి రాకుండా కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి, నా మొహం వంకే చూస్తూ నిలబడింది. ఏడిస్తే నేను కొడతాననుకుంది. ఆ బొమ్మ తీసి చేతిలో పెడితే కూడా తీసుకోలేదు.

భయపడ్డ పిల్ల జాగ్రత్తగా ఉండదు, కంగారు పడుతుంది. ఆ కంగారులోనే వస్తువులు పడతాయి. టీచర్లు పిల్లల మీద చెయ్యి చేసుకోవద్దని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అమ్మానాన్నలకు నేను చట్టాలు చెప్పలేను. నా షాపు కాబట్టి నోరు తెరిచి అడుగుతున్నాను: ఇక్కడ కొట్టకండి. నా పేరు చెప్పి బెదిరించకండి. వస్తువు పోతే మళ్లీ తెప్పించుకుంటాం.

ఏడుపు మాన్పించడానికి బొమ్మ కొనిపెట్టే వాళ్లకు కూడా ఒక మాట. ఆ అమ్మకం మాకు అక్కర్లేదు. కింద పడి దొర్లితే బొమ్మ వస్తుందని ఒకసారి తెలిశాక ఆ పిల్ల ప్రతి షాపులోనూ దొర్లుతుంది. మేము చూస్తూనే ఉన్నాం.

ములుగు వైపు నుంచి వచ్చే ఒక నాయనమ్మ ఉంది. మనుమడు హుషారు పిల్లగాడు, ఒక్క క్షణం నిలవడు. ఆమె లోపలికి రాగానే వాడి చేతికి గుడ్డసంచి ఇస్తుంది. "నాయనా, ఇది పట్టుకో. దర్రీల ఎర్ర పోగులు ఎన్ని ఉన్నయో సూసి చెప్పు, నాకు కండ్లు కానరావు" అంటుంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని వేలితో ఒక్కొక్క చార తడుముతూ లెక్కపెడతాడు, తప్పుతాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఈలోపు ఆమె బేరం అయిపోతుంది. వెళ్లేటప్పుడు "ఎన్ని?" అని తప్పకుండా అడుగుతుంది, వాడు చెప్పింది పూర్తిగా వింటుంది. ఆమెను చూశాకే మా షాపులో పనిచేసే అమ్మాయిలకు కూడా చెప్పాను, పిల్లలకు ఏదో ఒక పని అప్పజెప్పమని. బిల్లు కాగితం గల్లా దాకా తెచ్చివ్వడం, కవరు పట్టుకోవడం, బొమ్మల్లో పక్షులు ఎన్నో చెప్పడం. ఫోను చేతికిచ్చి నడిచే దారిలో కూర్చోబెట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఫోను తిరిగి లాక్కునేటప్పుడు మొదలయ్యే ఏడుపును ఆపడం ఎవరి తరమూ కాదు.

పెద్దపిల్లల సంగతి వేరు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు అన్నీ తెలుసు. షాపులో ఉరకకూడదని వాళ్లకు తెలుసు, ఎవరూ ఏమీ అనరని కూడా తెలుసు. ఇకనుంచి మేము అంటాం. మా అమ్మాయిలు దగ్గరికి వచ్చి "నీ పేరేంది బిడ్డా? ఇక్కడ ఉరకొద్దు" అని మర్యాదగానే చెప్తారు. "మా పిల్లగాన్ని అనడానికి మీరెవరు" అని దయచేసి వాళ్ల మీద లేవకండి. వాళ్లు జీతానికి పనిచేసే పిల్లలు, చాలామందికి ఇది మొదటి ఉద్యోగం. రెండోసారి కూడా వినకపోతే బయట బల్ల మీద కూర్చోబెట్టమని మిమ్మల్నే అడుగుతాం, తోడుగా మీలో ఒకరు కూర్చోవాలి. ఆ ఆదివారం వచ్చిన కుటుంబం ఇది చదువుతుంటే, మీ దగ్గర నుంచి మాకు డబ్బు వద్దు. పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ పెద్దమ్మకు ఒక ఫోన్ చేయించండి. ఆమెను అడిగి నంబరు నేను ఇస్తాను.

పగిలినవాటి గురించి. "పగలగొడితే కొన్నట్టే" అని చాలా షాపుల్లో రాసి ఉంటుంది. మా పద్ధతి ఇది: చిన్నపిల్లల చేతిలోంచి జారి పగిలితే, తయారుచేసినవాళ్లకు మేము ఇచ్చిన ధర మాత్రమే తీసుకుంటాం, మా లాభం వేసుకోం. పూర్తిగా ఎందుకు వదిలేయరు అంటారేమో. మేము సరుకు అరువుకు తేం, డబ్బు వాళ్ల చేతిలో పెట్టే తెస్తాం. అది కూడా వదులుకుంటే నెల తిరిగేసరికి మాకే కష్టం. అమ్మాయిల జీతంలోంచి కోసే పద్ధతి మా దగ్గర లేదు, ఉండదు. వద్దన్నా వినకుండా ఉరికి పగలగొట్టిన పెద్దపిల్లల విషయంలో పూర్తి రేటు కట్టాల్సిందే. ఏది పగిలినా మాకు చెప్పండి. విరిగిన ముక్కను అర వెనకకు తోసి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. తర్వాత వచ్చే పిల్ల చెయ్యి పెట్టేది అక్కడే.

కొంతమంది పిల్లలను చూసి పక్కవాళ్లు పెంపకం సరిగా లేదని గొణుగుతారు. ఒక తల్లి తన కొడుకును తీసుకొస్తుంది. ఇత్తడి గంట మోగితే వాడు చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతాడు, గట్టిగా అరుస్తాడు. ఆటిజం ఉన్న బాబు. వాడిది అల్లరి కాదు. ఆమె ప్రతిసారీ అందరికీ సారీ చెప్తూ తిరుగుతుంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మా, మీరు ఎవరికీ సారీ చెప్పక్కర్లేదు. మీలాంటివాళ్లు ముందుగా ఒక ఫోన్ చేస్తే, పొద్దున షాపు తెరిచిన వెంటనే రమ్మంటాం. అప్పుడు జనం ఉండరు, టీవీ కట్టేస్తాం, గంటలు తీసి లోపల పెడతాం. మిగతా కస్టమర్లు అలాంటి పిల్లలను గుడ్లప్పగించి చూడకుండా ఉంటే అదే పెద్ద సాయం.

షాపులో చేసిన మార్పులు కూడా చెప్తాను. కింది రెండు అరలు పిల్లలవే. వాటిలో ఏటికొప్పాక లక్కబొమ్మలు, బొంగరాలు, దర్రీల కత్తిరింపు ముక్కలు పెట్టాం. అవి తాకొచ్చు, తిప్పొచ్చు, ఎవరూ వద్దనరు. చేర్యాల మాస్కులు, నిర్మల్ బొమ్మలు పెద్దవాళ్ల భుజం ఎత్తుకు మార్చాం. కుందులన్నీ గల్లా వెనక్కి పోయాయి. దర్రీ చుట్టలను పడుకోబెట్టాం. ఒక్కరే పిల్లలతో వచ్చి ఎక్కువ సామాను చూడాల్సినవాళ్లు, వీలైతే ఆదివారం సాయంత్రం మానుకుని మామూలు రోజుల్లో పొద్దున పదకొండు లోపు రండి. ఆ వేళ ఒక అమ్మాయి మీతోనే ఉంటుంది. మీరు సామాను చూసేటప్పుడు పిల్లను ఆమె చూస్తుంది, కానీ పిల్లను వదిలేసి మీరు పక్క షాపుకు వెళ్లడం మాత్రం కుదరదు.

షాపు ఇరుకన్న మాటలో కొంత నిజం ఉంది, అద్దె చూస్తే పెద్దది తీసుకునే స్తోమత మాకు ఇప్పట్లో లేదు. నడిచే దారి వెడల్పు చేయడానికి మధ్య స్టాండు తీసేశాం. దాంతో దర్రీల్లో పెద్ద సైజువి, కలంకారీ అచ్చులవి బయట కనిపించవు. కార్తీకంలో పెళ్లిళ్లకు కావాల్సినవాళ్లు అడగండి, పైనుంచి దించి పరిచి చూపిస్తాం.