కండక్టరు మీద కాపలా కాసిన యంత్రాలు

విశాఖపట్నం,
మద్దిలపాలెం.

ప్రియ మిత్రుడు సూర్యానికి,

లండన్ నుంచి నువ్వు పంపిన పాత టికెట్టు యంత్రం ఫొటోను నాన్నగారికి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, ఫోనును కాస్త దగ్గరకూ కాస్త దూరానికీ జరిపి చూసి, "ఇందులో నెంబరు ఎక్కడ పడుతుంది?" అని మాత్రం అడిగారు. కండక్టరుగా రిటైరైన మనిషి టికెట్టులో ధర కన్నా ముందు నెంబరునే వెతుకుతాడని నీకు వేరే చెప్పనక్కరలేదు.

అది గిబ్సన్ యంత్రం. 1953 నుంచి 1993 దాకా లండన్ బస్సుల్లో వాడారు. ధర, స్టేజి సరిచేసి పిడిని ఒక్క చుట్టు తిప్పితే తెల్లకాగితపు చుట్ట మీద టికెట్టు అచ్చై బయటికి వస్తుంది. అంతకు ముందున్న బెల్ పంచ్ ఇంకా గడుసుది. ధరకో రంగు చొప్పున ముందే అచ్చు వేసిన టికెట్టుకు చిల్లు పెట్టగానే గంట మోగుతుంది, తెగిన ముక్క యంత్రం లోపలే ఉండిపోతుంది. లెక్క తేడా వస్తే ఆ ముక్కలను రంగుల వారీగా ఏరి లెక్కపెట్టేవారు. నాకు తోచింది చెబుతాను, నవ్వకు. వీటిలో ఏ ఒక్కటీ ప్రయాణికుడి సౌకర్యం కోసం పుట్టలేదు, అన్నీ కండక్టరును కనిపెట్టుకుని ఉండడానికి పుట్టినవే.

మన బస్సుల్లో పిడీ లేదు, గంటా లేదు, ఉన్నదల్లా టికెట్ల ట్రే. ధరల వారీగా కట్టలు వరసగా అమర్చిన ఆ ట్రేను ఎడమచేత్తో పొట్టకు ఆనించుకుని, మడిచిన నోట్లను వేళ్ళ సందున ఇరికించుకుని, సింహాచలం బస్సులో గోపాలపట్నం దాటేలోపే నిలుచున్న జనంలోంచి దారి చేసుకుంటూ నాన్నగారు టికెట్లు కొట్టేవారు. బొటనవేలితో ఒక్కసారి విదిలిస్తే టికెట్టు ఎంత తిన్నగా చిరిగేదంటే, కట్టలో మిగిలిన మొదలు మీద పీచు కూడా లేచేది కాదు. అసలు పని ఆ తర్వాతే ఉండేది. స్టేజి మారేలోపు ఒక్కో కట్టలో పైనున్న నెంబరును టికెట్ల లెక్కల కాగితమైన ఎస్సార్‌లో ఎక్కించాలి. చెకింగ్ వాళ్ళు "హోల్డాన్" అని బండి ఆపించి ముందుగా చూసేది ఆ కాగితాన్నే. కుదుపుల్లో నిలబడి రాసిన ఆ అంకెలు ఎంత గుండ్రంగా ఉండేవో! మన నోటుపుస్తకాల్లో అలాంటి దస్తూరీ ఎప్పుడైనా ఉందా?

చిల్లర గొడవ సరేసరి. టికెట్టు వెనక బాకీ రాసివ్వడం, లేదంటే ఇద్దరికీ కలిపి ఒకే నోటు ఇచ్చి "దిగి పంచుకోండి" అనడం. ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరూ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి సోడాబండి దగ్గర నోటు మార్చుకోవలసిందే. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలుగా 1971 ఫిబ్రవరి దాకా నడిచిన లెక్కతో మీ లండన్ కండక్టర్లు ఏం అవస్థ పడ్డారో మరి.

రాత్రి క్యారేజీ పట్టుకుని మనం మద్దిలపాలెం డిపోకు వెళ్ళేసరికి, మీ నాన్నగారు బండిని గ్యారేజీలో అప్పజెప్పి, లాగ్‌షీటు ఇచ్చేసి, డీజిల్ వాసనతో బెంచీ మీద కూర్చుని ఉండేవారు. మా నాన్నగారేమో బల్ల మీద సంచీ బోర్లించి, నాణేలను దొంతులుగా పేర్చి, కట్టల్లో మిగిలిన నెంబర్లను, టికెట్ల లెక్క ఉండే వే బిల్లుతో సరిచూసుకుంటూ ఉండేవారు. క్యాష్ కట్టే దాకా పలకరించినా పలికేవారు కారు. అటు డ్రైవరుకు కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిపాడన్న లెక్క), ఇటు కండక్టరుకు రాబడి. డీజిల్ పొదుపు చేసినవారి పేర్లు నోటీసు బోర్డులో పడిన రోజున మీ నాన్నగారు మనకు బజ్జీలు ఇప్పించేవారు, గుర్తుందా? నైట్‌అవుట్ డ్యూటీ పడి రాత్రి బయటి ఊళ్ళో ఉండాల్సి వస్తే మాత్రం ఇద్దరూ ఒకే దుప్పటి సంచీతో బయలుదేరేవారు.

తర్వాత టిమ్ములు, అంటే చేతిలో పట్టుకునే టికెట్టు యంత్రాలు వచ్చాయి. మీట నొక్కితే టికెట్టూ, లెక్కా రెండూ అందులోనే. ఎస్సార్ రాసే బాధ తప్పింది కానీ, ఆ కాగితం మీది అచ్చు జేబులో చెమటకే వెలిసిపోతుందని నాన్నగారి ఫిర్యాదు. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక వారికి సున్నా ధర టికెట్టు ఇస్తున్నారు. అమ్మ మొదటిసారి ఆ టికెట్టు తెచ్చి, డబ్బే తీసుకోనప్పుడు ఈ కాగితం ఎందుకని అడిగితే, "ఎంతమంది ఎక్కారో లెక్క తేలాలి కదా, సర్కారు ఊరికే ఇస్తుందా?" అన్నారాయన, ఇంకా డ్యూటీలో ఉన్నట్టే.

ఇక నీకొక పని. ఆ గిబ్సన్ పిడిని తిప్పనిచ్చేవారు ఎవరైనా కనబడితే ఒక టికెట్టు కొట్టించి, రెండు వైపులా ఫొటో తీసి పంపు. నెంబరు కనబడేలా తియ్యి, లేకపోతే అది అసలు టికెట్టే కాదంటారు నాన్నగారు.

నీ
రామం