లైమ్ కార్డైటిస్ కరపత్రం: దిద్దిపెట్టిన అందరికీ కృతజ్ఞతలు

పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధి గుండె లయను దెబ్బతీస్తే (దీన్నే లైమ్ కార్డైటిస్ అంటారు) ఏం చేయాలో రోగులకు చెప్పే కరపత్రం పూర్తయింది. చిత్తుప్రతి చదివి మొహమాటం లేకుండా ఎర్రసిరా పెట్టిన అందరికీ ధన్యవాదాలు.

ముందు ఈసీజీ టెక్నీషియన్లకు. "పీఆర్ 300 మిల్లీసెకన్లకు చేరితే ప్రమాదం" అని రాసి ఊరుకున్నాం. పీఆర్ అంటే గుండె పై గదుల్లో మొదలైన విద్యుత్ సంకేతం కింది గదులకు చేరడానికి పట్టే సమయం. కాగితం మీద అదెలా ఉంటుందో చూపించింది వాళ్లే. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో తీసిన ఈసీజీలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. పీ అల (పై గదుల సంకేతం) మొదలైన చోటు నుంచి క్యూఆర్ఎస్ (కింది గదుల సంకేతం) మొదలయ్యే దాకా లెక్కపెట్టాలి. ఐదు గడుల దాకా మామూలే. ఏడున్నర వచ్చిందంటే 300కి చేరినట్టే. అప్పుడు కళ్లు తిరగకపోయినా, ఆయాసం లేకపోయినా రోగి మానిటర్ కిందే ఉండాలి. ఈ బ్లాక్, అంటే సంకేతానికి పడే అడ్డు, మొదటి డిగ్రీ (సంకేతం ఆలస్యం కావడం) నుంచి పూర్తి బ్లాక్‌కు (సంకేతం కిందికి అసలు చేరకపోవడం) గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే పోతుంది. పొద్దున ఈసీజీ బాగుందని సాయంత్రానికి ధీమాగా ఉండటానికి లేదు.

గుండె లయ నిపుణులు మా పేస్‌మేకర్ పేరాను మొత్తం కొట్టేశారు. సరైన పనే. బ్లాక్ చాలావరకు ఏవీ నోడ్ (పై గదుల సంకేతాన్ని కిందికి పంపే కణుపు) దగ్గరే ఉంటుంది, యాంటీబయోటిక్‌తో తగ్గుతుంది. గుండె వేగం మరీ పడిపోతే తాత్కాలిక పేసింగ్ (కొద్దిరోజులు పరికరంతో గుండెను కొట్టించడం) చాలు. మెడ సిర గుండా లీడ్ (తీగ) బిగించి, పరికరాన్ని ఒంటిపైనే ఉంచితే రోగి లేచి నడవగలడు కూడా. రెండు వారాల్లో తగ్గిపోయే జబ్బుకు జీవితాంతం ఉండే పరికరం పెట్టడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంటికి పంపేముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, వేగం పెరిగినా ప్రతి పీ అల వెంట క్యూఆర్ఎస్ వస్తోందో లేదో చూడాలన్న మాట కూడా వాళ్లదే.

మందుల పేజీ ఫార్మసిస్టుల చలవ. యాంటీబయోటిక్ సెఫ్ట్రియాక్సోన్ రోజుకు ఒకసారి 2 గ్రాములు సిరలోకి. బ్లాక్ సడలాక డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. మొత్తం 14 నుంచి 21 రోజులు. సెఫ్ట్రియాక్సోన్ వెళ్లే గొట్టంలోనే రింగర్ లాక్టేట్ ద్రవం ఎక్కించకూడదు, అందులోని కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే నడుం వాల్చకూడదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిగాక్సిన్ వాడుతున్నవారు ముందే చెప్పాలి, అవి బ్లాక్‌ను ఇంకా పెంచుతాయి.

లైమ్ కార్డైటిస్ అయ్యే అవకాశాన్ని మార్కుల్లో లెక్కగట్టే అనుమాన సూచీని చేర్పించిన వైద్యులకూ రుణపడి ఉన్నాం: ఎర్రటి వలయపు దద్దుకు 4, పిడుదు కాటుకు 3, జ్వరం, నీరసం వంటివాటికి 2, యాభై ఏళ్లలోపు వయసు, మగవారు కావడం, ఆరుబయట తిరగడం ఒక్కోదానికి 1. మొత్తం ఏడు గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానం బలమైనదే. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. తొలి వారాల్లో ఆ పరీక్ష నెగటివ్ రావచ్చు.

చివరగా, "గుండె ఆగిపోవచ్చు" అన్న మా శీర్షికను తీయించిన నర్సులకు. ఇప్పుడక్కడ గడులు లెక్కపెట్టే బొమ్మ ఉంది.