ట్రేడింగ్ ఎందుకు ఆపాం, గురువారం నుంచి ఏం మారుతుంది

మన గేమ్‌లో ట్రేడింగ్, మార్కెట్, పార్సిల్‌లో ఐటమ్స్ పంపడం నిన్న రాత్రి నుంచి ఆగిపోయాయి. గురువారం అప్‌డేట్‌తో మళ్లీ తెరుస్తాం. ఒక ఐటమ్‌ని రెండుగా చేసే దారి, అంటే డూప్, ఒకటి బయటపడింది. మీలో ఒకరు దాన్ని కనిపెట్టి, వాడుకోకుండా, నలుగురిలో పెట్టకుండా నేరుగా మాకు రాశారు. వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ దారి మూసేశాం కాబట్టి అది ఎలా పనిచేసేదో ఇప్పుడు చెప్పొచ్చు. డబ్బు కట్టి ఆడుతున్న మీకు అది తెలియాలి కూడా.

మన ప్రపంచంలో ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో సర్వర్ నడుపుతుంది. మీరు ద్వారం దాటి పక్క ప్రాంతానికి వెళ్లినప్పుడు పాత సర్వర్ మీ సంచిలో ఉన్నదంతా డేటాబేస్‌లో రాస్తుంది, కొత్త సర్వర్ దాన్ని చదువుకుంటుంది. ఈ రెండు పనుల మధ్య చాలా చిన్న వ్యవధి ఉంటుంది. ఒకరు కావాలని తమ నెట్ నెమ్మది చేసుకుని, ద్వారంలో అడుగుపెడుతూనే తమ కత్తిని ట్రేడ్ చేయడానికి ఒప్పుకుంటే, ఆ కత్తి అవతలి వ్యక్తి సంచిలోకి చేరిపోతుంది. కానీ కొత్త సర్వర్ చదివేది ట్రేడ్‌కి ముందు రాసిన సంచిని. అందులో కత్తి ఇంకా ఉంటుంది. ఇద్దరి దగ్గరా ఒకే కత్తి.

ఆన్‌లైన్ గేముల్లో డూపింగ్ చాలావరకు ఇలాంటి సందుల్లోనే పుడుతుంది. ఒకే వస్తువు గురించి రెండు చోట్ల రాసి ఉంటుంది, ఆ రెండూ ఒక్క క్షణం పాటు పొసగవు. సర్వర్ క్రాష్ అయినా, లాగౌట్ అయ్యే క్షణమైనా, ఒకే బటన్ రెండుసార్లు నొక్కినా జరిగేది అదే. లెక్కల్లో వచ్చే తేడాలు మరో రకం. మైనస్ విలువలు కూడా రాసే 32 బిట్ల సంఖ్యలో పట్టే అతి పెద్ద విలువ 2,147,483,647. అది దాటితే లెక్క ఒక్కసారిగా మైనస్‌లోకి పడిపోతుంది, ఆ మైనస్ ఎవరికో లాభంగా మారుతుంది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. డయాబ్లో 2 అనే గేమ్‌లో ఆటగాళ్ల మధ్య డబ్బుగా చెలామణి అయిన స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరానికే డూప్‌లు విపరీతంగా పాకాయి. 2013 మేలో డయాబ్లో 3 కొత్త ప్యాచ్, అంటే అప్‌డేట్, రాగానే గేమ్‌లోని వేలం ద్వారా గోల్డ్‌ని పెంచుకునే దారి దొరికింది. వేలాన్ని కొన్ని రోజులు మూసి, దుర్వినియోగం చేసిన అకౌంట్లను వెతికి పట్టుకున్నారు, అందరి ఆటనూ మాత్రం వెనక్కి తిప్పలేదు. 2021 నవంబరులో న్యూ వరల్డ్ అనే గేమ్‌లో గోల్డ్ డూప్ బయటపడినప్పుడు ఆటగాళ్ల మధ్య సంపద చేతులు మారే దారులన్నీ కొంతకాలం ఆపేశారు. మేం నిన్న చేసిందీ అదే. డూప్ అయిన వస్తువు నాలుగు చేతులు మారిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, మధ్యలో ఏమీ తెలియని వాళ్లు ఇరుక్కుంటారు.

ఇక మార్పు గురించి. ఇకపై ఐటమ్ మీ సంచిలో భాగంగా సేవ్ కాదు. ప్రతి అరుదైన ఐటమ్‌కీ పుట్టినప్పుడే ఒక ఐడీ వస్తుంది, డేటాబేస్‌లో దానికి ఒకే ఒక్క వరుస ఉంటుంది, ఆ వరుసలో యజమాని పేరు ఒక్కటే పడుతుంది. ట్రేడ్ అంటే ఆ పేరు మారడం, అంతే. ఇచ్చేవాళ్ల వైపు, తీసుకునేవాళ్ల వైపు మార్పులు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతాయి. జరిగితే రెండూ జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు. ప్రతి మార్పుకీ వరుసలోని వెర్షన్ నంబర్ ఒకటి పెరుగుతుంది. ఏ సర్వరైనా పాత నంబర్‌తో వచ్చి రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. మీ ఫోన్ గానీ కంప్యూటర్ గానీ "ఇది ఇవ్వాలనుకుంటున్నాను" అని అడగగలదు, నిర్ణయం సర్వర్‌దే. ఒకే అభ్యర్థన రెండుసార్లు చేరినా రెండోది లెక్కలోకి రాదు.

గోల్డ్, బాణాలు, మందుసీసాల లాంటివాటికి విడివిడిగా ఐడీలు ఇవ్వలేం. వాటికి జమాఖర్చుల పుస్తకం పెట్టాం. ఒకచోట ఖర్చు రాయకుండా ఇంకోచోట జమ పడదు. రాక్షసుల నుంచి, క్వెస్ట్‌ల నుంచి ఎంత గోల్డ్ పుట్టింది, రిపేర్లకీ పన్నులకీ ఎంత పోయింది, మీ అందరి చేతుల్లో ఎంత ఉంది అన్నది రోజూ రాత్రి సరిపోల్చుతాం. ఒక్క నాణెం తేడా వచ్చినా మాకు అలర్ట్ వస్తుంది. నాకు అన్నిటికంటే ధైర్యాన్నిచ్చేది ఇదే, ఎందుకంటే మేం ఊహించని డూప్ కూడా ఈ లెక్కలో దొరుకుతుంది.

టెస్టింగ్‌లో ట్రేడ్ జరిగే ప్రతి దశలోనూ సర్వర్‌ని కావాలనే చంపేస్తున్నాం. నెట్ నెమ్మదిగా ఉన్న బాట్‌లను, అంటే మనుషులకు బదులు ఆడే ప్రోగ్రాంలను, ద్వారాల గుండా అటూ ఇటూ తిప్పుతున్నాం. గురువారం దాకా ఆపింది ఈ పరీక్షల కోసమే.

దీనివల్ల మీకు కొంత అసౌకర్యం ఉంటుంది. ట్రేడ్ ఒప్పుకున్నాక ఒక క్షణం ఆగాల్సి వస్తుంది, రద్దీ వేళల్లో మార్కెట్లో ఆ ఆలస్యం ఇంకాస్త తెలుస్తుంది. ట్రేడ్ విండో తెరిచి ఉండగా ద్వారం దాటలేరు. ట్రేడ్‌ని వేగంగా చేయడానికి ప్రయత్నిస్తూనే ఉంటాం, కానీ వేగం కోసం ఈ తనిఖీల్లో ఏ ఒక్కటీ తీసేయం. నెలల తరబడి కష్టపడి సంపాదించిన కత్తి పక్కన దాని నకళ్లు కుప్పగా అమ్ముడుపోతుంటే, ఆ కష్టానికి మేం విలువ ఇవ్వనట్టే.

ఇప్పటికే పుట్టిన నకళ్ల సంగతి. ఒకే ఐడీతో రెండు కనిపిస్తే, లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే రికార్డులో, ట్రేడ్ క్రమం చూసి ఏది నకలో తేలుస్తున్నాం. తెలియక మార్కెట్లో నకలు కొన్నవాళ్ల నుంచి ఆ ఐటమ్ తీసేసి, వాళ్లు కట్టిన గోల్డ్ మొత్తం తిరిగి ఇస్తాం. ఇష్టపడి కొనుక్కున్న కత్తి పోతే బాధగానే ఉంటుంది, ఆ మాట కాదనను. అయినా నకళ్లను ఉండనిస్తే అసలు వాటికి విలువ ఉండదు. పదే పదే డూప్ చేసి అమ్మినవాళ్ల అకౌంట్లు మూసేస్తున్నాం. అనుకోకుండా ఒకసారి జరిగినవాళ్ల మీద ఏ చర్యా ఉండదు. గేమ్ మొత్తాన్ని పాత తేదీకి రోల్‌బ్యాక్ చేయం. కొద్దిమంది చేసినదానికి అందరి ఆటా చెరిపేయడం న్యాయం కాదు.

ఇక మీదట డూప్ అసలు రానే రాదని మాటివ్వలేను. కొత్త ఫీచర్ వచ్చిన ప్రతిసారీ కొత్త సందు రావచ్చు. అలాంటిది కనిపిస్తే గేమ్‌లోని సపోర్ట్ మెనూలో "ఎక్స్‌ప్లాయిట్ రిపోర్ట్" ఎంచుకుని రాయండి. అది నేరుగా నాకూ సర్వర్ టీమ్‌కీ వస్తుంది. ముందుగా చెప్పినవాళ్లకు మూడు నెలల చందా ఉచితం.

గురువారం తర్వాత ట్రేడ్ మధ్యలో డిస్‌కనెక్ట్ అయి ఐటమ్ కనిపించకపోతే టెన్షన్ పడకండి. మళ్లీ లాగిన్ అయ్యాక సంచి పక్కన "ఆగిన ఐటమ్స్" అనే కొత్త పెట్టె ఉంటుంది, ముందు అందులో చూడండి. అక్కడా లేకపోతే ట్రేడ్ జరిగిన సమయం, అవతలివారి క్యారెక్టర్ పేరు రాసి పంపండి, లాగ్ చూసి జవాబిస్తాం.