2 మి.మీ. గ్రేబోర్డు ఎందుకు లేదంటే

మాసాబ్ ట్యాంక్ దగ్గర మన షాపులో ప్రస్తుతం బిల్డింగ్ మోడళ్లు కట్టే మందపాటి అట్ట, 2 మి.మీ. గ్రేబోర్డు లేదు. ఉన్న స్టాకంతా వెనక్కి పంపేశాను. జ్యూరీలు (కాలేజీలో డిజైన్లు చూసి మార్కులు వేసే రోజులు) దగ్గరపడ్డాక ఇదేంటని ఆర్కిటెక్చర్ స్టూడెంట్లు, ఆఫీసుల వాళ్లు అడుగుతున్నారు. అడగాల్సిందే.

ఈసారి వచ్చిన కట్టల మీద 2 మి.మీ. అని స్టిక్కరుంది. మందం కొలిచే వెర్నియర్ పెడితే 1.7. పది ముక్కలు పేర్చి, గట్టిగా నొక్కి కొలిచినా 17 మి.మీ.లే. సప్లయర్‌ని అడిగితే "జీఎస్ఎం కరెక్టే కదా, తూకం వేసుకోండి" అన్నాడు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో ఆ బరువు. తూకం నిజమే, ఏ1 షీటు సుమారు 600 గ్రాములు తూగుతోంది. గుజ్జు తగ్గించలేదు, ఎక్కువ నొక్కారంతే. వాళ్లు అమ్మేది బరువు, మీరు మోడల్ కట్టేది మందంతో. ఇన్నేళ్లుగా సరుకు తీసుకుంటున్న నాకు ఆ తేడా తెలియదన్నట్టు మాట్లాడటం బాగా గుచ్చుకుంది.

0.3 మి.మీ. చిన్న విషయం కాదు. 1:500 స్కేల్లో మీటరు కాంటూరుకి (నేల ఎత్తులో ఒక్కో మీటరు మెట్టుకి) సరిగ్గా 2 మి.మీ. పొర పడుతుంది. గుట్ట సైటుకి 20 పొరలు వేస్తే 40 మి.మీ. రావాలి, ఈ బోర్డుతో 34 వస్తుంది. అంటే 3 మీటర్లు, ఒక అంతస్తు ఎత్తు గల్లంతు. దాని మీద బ్లాకులు పెట్టి ర్యాంపు వాలు చూస్తే తప్పే కనిపిస్తుంది. ఇక 2 మి.మీ.కి కోసిన గాడుల్లో ఇది లొడలొడలాడుతుంది. జిగురు లేకుండా బిగించి, తీసి, మార్చి చూసుకోవడానికే కదా కాన్సెప్ట్ మోడల్!

1.7 అని రాసి తక్కువ ధరకి అమ్మేయమని చాలామంది చెప్పారు. రాత్రుళ్లు అదే ఆలోచన. డబ్బు ఇరుక్కుపోయింది, సీజన్ పోతోంది. కానీ స్టూడియో టేబుల్ మీద పాత షీట్లు, కొత్త షీట్లు కలిసిపోతాయి, కోశాక ఏ ముక్క ఏదో ఎవరూ కొలవరు. అందుకే అమ్మలేదు.

నేను కొలవకముందే ఈ లాటు కొన్నవాళ్లు కోసిన ముక్కలైనా సరే తీసుకురండి, మారుస్తాను. మోడల్ కట్టేసి ఉంటే పొర పొరకీ మధ్య 0.3 మి.మీ. కార్డు ఒకటి పెట్టండి, ఎత్తు సరిపోతుంది.

సరైన 2 మి.మీ. బోర్డు వచ్చేవరకూ 1 మి.మీ. షీట్లు రెండు, ఒక 2 మి.మీ. షీటు ధరకే ఇస్తాను. అది వేరే మిల్లుది, కొలిచి చూశాను. ముందు కోసి, తర్వాత అంటించండి. ఫెవికాల్ పలచగా రాసి రాత్రంతా బరువు పెట్టాలి, లేదంటే తడికి వంకర తిరుగుతుంది. 1:200లో చేసేవాళ్లకి 5 మి.మీ. ఫోమ్ బోర్డే మీటరు కాంటూరుకి సరిగ్గా సరిపోతుంది. దానికి సాల్వెంట్ జిగురు వాడొద్దు, లోపలి ఫోమ్ కరిగిపోతుంది. మాసింగ్‌కి, అంటే బిల్డింగుల మొత్తం ఆకారం చూపే దిమ్మలకి, బ్లూ ఫోమ్ కావాలంటే హాట్ వైర్ మీద ఉచితంగా కోసిస్తాను. 1:500లో 3 మీటర్ల అంతస్తుకి 6 మి.మీ. లెక్క.

సరిచేసిన లాటు పంపుతానని పాత సప్లయర్ ఫోన్ చేశాడు. వద్దన్నాను. ఇక మీదట వచ్చే ప్రతి కట్టనీ కౌంటరు మీదే, అందరి ముందే కొలిచి అసలు మందం పెన్నుతో రాస్తాను. 2 మి.మీ. బోర్డు 1.9 కంటే తక్కువుంటే అదే ఆటోలో వెనక్కి పంపేస్తాను.