మంత్రి గారూ, తెలుగు పరీక్షలో పిల్లల సొంత మాటకు చోటివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తాను. ఈమధ్య ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్దుతుంటే వరసగా ఇరవై పేపర్లలో ఒకటే జవాబు, గైడులో ఉన్నది ఉన్నట్టు, అచ్చుతప్పుతో సహా. పిల్లల మీద కోపం రాలేదండీ, అలా రాయమన్నది మేమే. కవి పరిచయం, సందర్భం, భావం అని హెడ్డింగులు పెట్టి గీత కొడితే మార్కులు పడతాయి, పద్యం చదివి నీకేమనిపించింది అని అడిగేవాళ్లు లేరు.

గజేంద్ర మోక్షంలో 'సిరికిం జెప్పడు' పద్యం మీకూ నోటికి వచ్చే ఉంటుంది. ఏనుగు మొర విని విష్ణువు పరుగున వచ్చాడు అని రాస్తారు పిల్లలు. అది కథ. పోతన ఆ పద్యంలో పరుగెత్తాడు అన్న మాటే వాడలేదు! చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, చక్కనొత్తడు, వీడడు అంటూ విష్ణువు చెయ్యని పనులు ఆరు చెప్పుకుంటూ పోయాడు, శంఖచక్రాలు పట్టలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించలేదు, చెవుల మీద పడ్డ జుట్టు కూడా సర్దుకోలేదు, ఎందుకింత తొందరో మాత్రం ఆఖరి సమాసం దాకా దాచిపెట్టి అప్పుడు 'గజప్రాణావనోత్సాహియై' అన్నాడు, అంటే ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో అని. ఆ వేగం కనిపించేది ఈ 'డు'ల వరసలోనే. ఇది చూపించి, ఈ మాట వల్ల నాకు ఇలా అనిపించింది అని రాస్తే అదీ సాహిత్య విశ్లేషణ.

నాలుగేళ్ల కింద ఒక అమ్మాయి రాసింది. లక్ష్మికి చెప్పకుండా బయల్దేరాడు కానీ చేతిలో ఉన్న ఆవిడ కొంగు వదల్లేదు, అంటే ఆవిడ కూడా వెంట రావాల్సిందే కదా, దేవుడు కూడా కంగారులో మన ఇంట్లో మనిషిలాగే ఉన్నాడు అని. సందర్భం హెడ్డింగు లేదని నేను మార్కులు తగ్గించాను. ఆ పేపరు ఇప్పటికీ నా మనసులోంచి పోవడం లేదు.

పదో తరగతిలో అవగాహన-ప్రతిస్పందన, సృజనాత్మకత అని పెట్టారు, చాలా మంచి పని. ఇంటర్‌కి వచ్చేసరికి ఆ అలవాటంతా పోతోంది. (తెలుగు వదిలేసి మార్కుల కోసం సంస్కృతం తీసుకునే పిల్లల సంగతి ఇంకో ఉత్తరానికి సరిపోతుంది.) వీళ్లలోనే కొందరు రేపు సివిల్స్‌లో తెలుగు సాహిత్యం ఆప్షనల్ తీసుకుంటారు, 250 మార్కుల చొప్పున రెండు పేపర్లు, అభ్యర్థి విమర్శనాశక్తిని పరీక్షిస్తామని ఆ సిలబస్‌లోనే ఉంటుంది. అప్పటిదాకా ఒక్కసారైనా సొంతంగా అభిప్రాయం రాయనివాళ్లు అక్కడ కూర్చుని ఎంత టెన్షన్ పడతారో ఆలోచించండి.

నేను కోరేది ఇంటర్ తెలుగు పరీక్షలో ఒక్క ప్రశ్న. పాఠ్యపుస్తకంలో లేని ఒక పద్యమో కవితా భాగమో ఇచ్చి, ఇందులో మీకు నచ్చిన మాట ఏది, ఎందుకు అని అడగండి. కవి వాడిన మాటలు చూపించి కారణం చెప్పినవాళ్లకు, వాళ్ల అభిప్రాయం మాకు నచ్చకపోయినా సరే, పూర్తి మార్కులు ఇవ్వాలని మార్కులు ఎలా వెయ్యాలో చెప్పే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో స్పష్టంగా రాయించండి. అది లేకపోతే స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దేవాళ్లు మళ్లీ హెడ్డింగులే వెతుకుతారు, నేను వెతికినట్టు.

మోడల్ పేపర్లు తయారయ్యేలోపే ఇది తేల్చండి. నమూనా ప్రశ్నలు కావాలంటే రాసిపెడతాను, జీతం లేకుండా, సెలవు రోజుల్లో.

ఇట్లు,
ఒక తెలుగు లెక్చరర్