ఏలూరు నీటి పరీక్షల ఫలితాలు వార్డుల వారీగా ప్రకటించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోవడం, ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలు కావడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కుళాయి నీటి నమూనాల్లో దోషం లేదని తొలి రోజుల్లో అధికారులు చెప్పారు. తరువాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఆపైన నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. అవి నీళ్లలోంచే వచ్చాయని నేను అనడం లేదు. కానీ నీళ్లు బాగున్నాయన్నప్పుడు, వేటి కోసం పరీక్షించి ఆ మాట అంటున్నారో కూడా చెప్పాలి.

మడ్డి, క్లోరిన్, మురుగు కలిసిందని సూచించే కోలిఫాం బ్యాక్టీరియా చూసే మామూలు పరీక్షకు సీసం గానీ పురుగుమందు గానీ చిక్కదు. వాటికి వేరే పరికరాలు, వేరే ప్రయోగశాలలు కావాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో సీసం 0.01 మిల్లీగ్రాములకు మించరాదు. ఇందులో ఎలాంటి సడలింపూ లేదు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయే తప్ప సీసం పోదు. క్లోరిన్ కలిపినా అంతే. ఇక టీడీఎస్ మీటరు ముంచి, అంకె తక్కువ చూపిందని క్యాన్ నీళ్లు నిశ్చింతగా తాగేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. అందులో క్రిములున్నాయో లేదో, పురుగుమందు ఉందో లేదో దానికి తెలియదు.

మనది కృష్ణా, గోదావరి కాలువల కింది ఊరు. ఈ కాలువలు వరిచేల మధ్య నుంచి, ఊళ్ల పక్క నుంచి పారి వస్తాయి కనుక, వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకొనేటప్పుడే ఆ నీటిలో పురుగుమందుల అవశేషాలు, భార లోహాలు ఉన్నాయేమో చూడడం అవసరం. చెరువు నిండాక దోషం బయటపడితే, కాలువలు మళ్లీ వదిలేదాకా ఆ నీళ్లే గతి.

అమెరికాలో 1996లో తాగునీటి చట్టాన్ని సవరించాక, ఊరికి నీళ్లిచ్చే ప్రతి సంస్థా ఆ నీటిలో ఏమేమి ఎంత మోతాదులో కనిపించాయో ఏటా నివేదిక రూపంలో వినియోగదారులకు తెలపాల్సి వస్తోంది. అక్కడున్న మన పిల్లలను అడిగితే చెబుతారు. అంత వివరమైన నివేదిక మనకు వెంటనే సాధ్యం కాకపోవచ్చు. కనీసం నెలకొకసారి, ఏ వార్డులో ఏ కుళాయి దగ్గర నమూనా తీశారో, వేటి కోసం పరీక్షించారో, ఎంత వచ్చిందో తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించవచ్చు. నమూనాలు ట్యాంకు దగ్గర మాత్రమే కాక, మురుగు కాలువల పక్క నుంచి పాత పైపులు వెళ్లే వీధుల చివరి ఇళ్లలో కూడా తీయాలి. లోహాలకు, పురుగుమందులకు ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి చెరువులు నింపే ముందు, పరీక్ష చేయించాలని నగరపాలక సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఏలూరు.